సొంత లెక్కనే కాదంటే ఎలా?

గాలి నాణ్యత సూచీ (అంకె పెరిగితే గాలి చెడినట్టు) పెరగడానికీ ఊపిరితిత్తుల జబ్బులకూ నేరుగా సంబంధం ఉందని తేల్చే కచ్చితమైన సమాచారం లేదని 2025 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ రాజ్యసభకు చెప్పింది. కాలుష్యంతో ఆయుష్షు తగ్గుతుందని ఏ భారతీయ అధ్యయనమూ చూపలేదని 2019 డిసెంబరులో అప్పటి పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ లోక్‌సభలో అన్నారు. ఆరేళ్లు గడిచినా జవాబు మారలేదు. ఊపిరితిత్తులతోనే సంబంధం తేలలేదన్నవారు గుండెపోటు గురించి అడిగితే ఏమంటారో చెప్పనక్కర్లేదు.

ఈ జవాబు నిలవదని ప్రభుత్వానికి తెలుసు. 2019లో దేశంలో 16.7 లక్షల మరణాలకు, అంటే మొత్తం మరణాల్లో దాదాపు 18 శాతానికి, వాయు కాలుష్యమే కారణమని లెక్కగట్టినవారిలో భారత వైద్య పరిశోధన మండలి ఉంది. అదేమీ పరాయి సంస్థ కాదు, కేంద్ర ఆరోగ్య శాఖ కిందే పనిచేస్తుంది. చలికాలం వస్తే అదే ఆరోగ్య శాఖ గుండె జబ్బులున్నవారు జాగ్రత్తగా ఉండాలని రాష్ట్రాలకు సూచనలు పంపుతుంది. రోగులకు ఒక మాట, పార్లమెంటుకు ఇంకో మాట!

భారతీయ అధ్యయనమే కావాలంటే హైదరాబాద్‌కు దక్షిణాన ఉన్న పల్లెలకు వెళ్లాలి. జాతీయ పోషకాహార సంస్థ 1980ల చివర్లో గర్భిణులకు, పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చి చూసిన ప్రాంతం అది. అక్కడి 28 గ్రామాల్లో మూడు వేల మందికి పైగా జనానికి మెడలోని ధమనిని స్కాన్ చేశారు. గాలిలోని అతి సన్నటి కణాలను (పీఎం 2.5) ఎక్కువగా పీల్చినవారిలో ఆ ధమని గోడ మందంగా ఉందని 2020లో ఫలితాలు వచ్చాయి. గుండెపోటుకు, పక్షవాతానికి అది ముందస్తు గుర్తు. ఆ పల్లెల్లో సగటు పీఎం 2.5 ఘనపు మీటరుకు 33 మైక్రోగ్రాముల లోపే. మన జాతీయ ప్రమాణం 40. అంటే గాలి ప్రభుత్వ ప్రమాణం దాటని చోటే రక్తనాళాలు దెబ్బతింటున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5. అది సలహా మాత్రమేనని కూడా మన సర్కారు సభలో చెప్పేసింది.

వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే ఈ కణాలు ఊపిరితిత్తుల అడుగు దాకా దిగుతాయి. వాటివల్ల ఒంట్లో వాపు రేగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. అప్పటికే నాళంలో పేరుకున్న కొవ్వు పొర చిట్లిందంటే అక్కడికక్కడే గడ్డ కట్టి దారి మూసుకుపోతుంది. ఇందుకు ఏళ్లు పట్టనక్కర్లేదు. గాలిలో ఈ కణాలు పెరిగిన రెండు గంటల్లోనే గుండెపోటు ముప్పు పెరుగుతుందని బోస్టన్ పరిశోధకులు 2001లోనే చూపారు. ట్రాఫిక్‌లో గడిపిన తర్వాతి గంటలో ఆ ముప్పు దాదాపు మూడు రెట్లని 2004లో జర్మనీ అధ్యయనం తేల్చింది.

బీపీ, షుగర్, పొగతాగడం, వంశపారంపర్యం కూడా కారణాలే కదా అంటారు. కాదనం. కాలుష్యం ఒక్కటే కారణమని రుజువైతే తప్ప కదలబోమంటే మాత్రం ఏ కారణం మీదా ఎవరూ ఏమీ చేయలేరు. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక ముద్రించడానికి ప్రభుత్వం ఇలాంటి రుజువు అడగలేదే?

మా భయమంతా ఈ జవాబు ఇకపై ఎవరెవరి చేతికి ఆయుధమవుతుందోనని. విశాఖ పాతనగరంలో కిటికీ ఊచ మీద వేలు పెడితే పోర్టు బొగ్గు నలుపు అంటుతుంది. రేపు అక్కడివారు గట్టిగా అడిగితే, ‘సంబంధం లేదని కేంద్రమే చెప్పింది కదా’ అని అధికారులు తప్పించుకోవచ్చు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలూ అదే కాగితం చూపిస్తాయి. కోర్టుల్లోనూ అదే చదువుతారు.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్‌లో 13, తెలంగాణలో 4 పట్టణాలున్నాయి. ఆ పథకం ప్రగతిని కొలిచేది పీఎం 10తో, అంటే రోడ్డు దుమ్ము లాంటి ముతక కణాలు కూడా కలిసిన లెక్కతో. నీళ్లు చల్లితే, రోడ్లు ఊడిస్తే అంకె తగ్గుతుంది. గుండెను దెబ్బతీసే సన్నటి కణాలు మాత్రం పొగ గొట్టాల నుంచి, ఇంజిన్ల నుంచి వస్తూనే ఉంటాయి. పీఎం 2.5ను లెక్కలోకి తేకుండా, గుండెపోటు కేసులను ఆ రోజు గాలితో పోల్చి చూసే ఏర్పాటు ఆసుపత్రుల్లో చేయకుండా సమాచారం లేదనడానికి మంత్రులకు నోరెలా వస్తోంది? సేకరించాల్సిన వారే సేకరించక, సేకరించిన సంస్థ మాటను సభలో దాచిపెడుతున్నారు. 2025 డిసెంబరు నాటి జవాబును అదే సభలో సరిదిద్దాలి. సొంత పరిశోధన మండలి అంకెలు తప్పయితే ఆ మాట అక్కడే ధైర్యంగా చెప్పాలి.