‘మావాడు అలాంటివాడు కాదు’ గారికి

మహారాజశ్రీ ‘మావాడు అలాంటివాడు కాదు’ గారికి, నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. తమరు కులాసాగానే ఉన్నారు, ఇటు మత్తుకు అలవాటుపడుతున్న పిల్లల సంగతే బాగాలేదు.

తెలుగు ఇళ్లలో తమకున్న పలుకుబడి ఏ వైద్యుడికీ లేదు. పదో తరగతి కుర్రాడి కళ్లు ఎర్రబడితే ‘రాత్రంతా ఫోను చూశాడు’ అని తేల్చేస్తారు. మధ్యాహ్నం దాకా లేవకపోతే ‘ఎదిగే వయసు’. పాత స్నేహితులు గుమ్మం తొక్కడం మానేసి, కొత్తవాళ్లు గేటు బయటి నుంచే ఈల వేస్తే ‘పెద్దలంటే భయభక్తులు’. తండ్రి జేబులో నోట్లు తగ్గితే ముందు పనిమనిషిని మాన్పిస్తారు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదని నాకూ తెలుసు. కళ్లకలక వచ్చినా కళ్లు ఎర్రబడతాయి. కానీ ఇవన్నీ కట్టగట్టుకుని ఒకే ఇంటికి వచ్చినా, ఒకదాన్నొకటి పలకరించుకోనివ్వరు చూడండి, అదీ తమ ప్రతిభ!

ఆ ప్రతిభను నేను కళ్లారా చూసింది, రాతలో తప్పులపై పూసే వైట్‌నర్ సీసాల దగ్గర. పుస్తకాల సంచి అడుగున నాలుగైదు ఖాళీ సీసాలు, అట్టకట్టిన చేతిరుమాలు, తెరవగానే రంగుల దుకాణం వాసన. పిల్లవాడి పెదవుల చుట్టూ పొక్కులు. నోటుపుస్తకంలో మాత్రం ఒక్క తెల్లమచ్చ లేదు, అసలు రాస్తే కదా తప్పులు! ‘మావాడికి కొట్టివేతలంటే గిట్టదు’ అని తమరు సెలవిచ్చారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే నివేదిక 2019లో వచ్చింది. పెద్దల కంటే 10–17 ఏళ్ల పిల్లల్లోనే ఎక్కువ శాతం వాడుతున్నట్టు అందులో తేలిన మత్తు ఇదొక్కటే, వైట్‌నర్‌లాంటి వాటి ఆవిరి పీల్చే రకం. పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58. గంజాయి పొట్లం కోసం అటకలు వెతికే తండ్రే, స్టేషనరీ దుకాణానికి డబ్బులిచ్చి పంపుతున్నాడు. ఆ ఆవిరి గుండె లయను చెడగొట్టిందంటే, మొదటిసారి పీల్చినవాడి ప్రాణం కూడా అక్కడికక్కడే పోవచ్చు.

దొరికిపోయాక తమరు వేషం మారుస్తారు. ‘ఆ పక్కింటివాడే మావాణ్ని చెడగొట్టాడు’ అయి వస్తారు. పక్కింట్లోనూ అదే మాట, ఎదురింట్లోనూ అదే మాట. వీధి నిండా చెడిపోయిన పిల్లలే గానీ, చెడగొట్టినవాడు ఏ తల్లి కడుపునా పుట్టలేదు.

ఆ తరువాత తమ వైద్యం: చెంపదెబ్బ, ఒట్టు, తాయెత్తు, వేసవంతా అమ్మమ్మగారి ఊరు. ఆసుపత్రి మాత్రం వద్దు. పోలీసులకు తెలిసిపోతుంది, రేపు సంబంధాలు రావు. (వాడికింకా మీసాలే రాలేదు మహాప్రభో.) మత్తుమందుల మీద తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ అని ఒక సెక్షన్ ఉంది. మత్తు వాడిన కేసులోనో, కొద్ది పరిమాణం దొరికిన కేసులోనో చిక్కిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రికి వెళ్లి చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. పిల్లల చేతికి మత్తుమందు అందించినవాడికి 2015 నాటి బాలల న్యాయ చట్టం ఏడేళ్ల దాకా కఠిన శిక్ష రాసిపెట్టింది. తమ దయవల్ల ఏ ఇంటి నుంచీ ఫిర్యాదు రాదు కనుక, అందించినవాడు మాత్రం నిశ్చింతగా కొట్టు తెరుచుకుంటున్నాడు.

మానసిక వైద్యుడి గదిలో తమకు ఊపిరాడదని నాకు అర్థమైంది. గంజాయిని, వైట్‌నర్‌ను మాన్పించే మాత్ర అంటూ ప్రత్యేకంగా లేదు. అక్కడ జరిగేదంతా మాటలే. ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది, వెనక దిగులుందా, చదువు భయం ఉందా అని పిల్లవాణ్ని అడుగుతారు. అడిగి ఊరుకోరు, తల్లిదండ్రులనూ కూర్చోబెడతారు. తండ్రి రోజూ రాత్రి బాల్కనీలో ఏం తాగుతాడన్న ప్రశ్న కూడా రావచ్చు. మానినవాడు మళ్లీ ముట్టుకోవడం మామూలేనని, అప్పుడు తిట్టి పంపేయకుండా చికిత్సను సరిచేస్తామని అంటారు. ఇన్ని మాటల మధ్య తమరు ఒక్క ముక్క పలకలేరు. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోను చేస్తే పైసా ఖర్చు లేకుండా సలహా చెబుతారన్నా, ‘ఆ నంబరు మనలాంటివాళ్లకు కాదు’ అని రిసీవరు లాక్కునేది తమరే కదా.

ఇట్లు,
తమ ప్రతిభకు జడిసిన ఒక తెలుగువాడు

తా.క.: తమ చెల్లెలు ‘మా అమ్మాయి అలాంటిది కాదు’ గారు తమకంటే గట్టివారని విన్నాను. మగపిల్లవాణ్ని కనీసం వీధిలోవాళ్లయినా అనుమానిస్తారు. ఆవిడ కొలువున్న ఇంట్లో ఆడపిల్ల సంచి తెరిచేవాళ్లే ఉండరట. ఆవిడకు విడిగా రాస్తాను. చిరునామా పంపనక్కర్లేదు, ఏ ఇంటికి వేసినా అందుతుంది.