అంగుళం బిళ్ళ, ఆకాశమంత ఆత్మగౌరవం

కొత్త పికప్ ఇంటి ముందు ఆగిన మొదటి సాయంత్రం దాన్ని పక్కనుంచి చూడకపోవడమే మంచిది. చూస్తే ఇక నిద్ర పట్టదు. వెనక ఎత్తుగా, ముందు పల్లంగా, పెద్దల ముందు చేతులు కట్టుకున్న కుర్రాడిలా తల కాస్త వంచుకుని కనిపిస్తుంది. తేడా ఎంతో ఉండదు, మోడల్‌ను బట్టి ఒకటి రెండు అంగుళాలు. అయినా అవమానాన్ని ఎవరైనా అంగుళాల్లో కొలుస్తారా? కొలుస్తారు. ముందు భాగాన్ని లేపి వెనకతో సమం చేసే లెవెలింగ్ కిట్ పుట్టిందే అందుకు.

ఈ వంగుబాటును తయారీదారులు రేక్ అంటారు. ఎందుకయ్యా ఇలా చేశారంటే వాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. తొట్టిలో సరుకు నింపినా, వెనక హిచ్‌కు ట్రెయిలర్ తగిలించినా వెనక స్ప్రింగులు కుంగుతాయట. అప్పుడు బండి మట్టంగా నిలవాలంటే ఖాళీగా ఉన్నప్పుడు వెనక కాస్త లేచి ఉండాలట. లెక్కలో తప్పేమీ లేదు. పికప్‌లో ఎవరో ఏదో మోస్తారన్న నమ్మకంలోనే ఉంది తప్పంతా. లెవెలింగ్ కిట్ కొన్నవాడు ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తూ రాతపూర్వకంగా హామీ ఇచ్చినట్టే: ఈ తొట్టిలో కూరగాయల సంచికి మించి ఏదీ పడదు.

సరే, పోరాటం ఖాయమైంది కాబట్టి టేపు తీసుకోవాలి. నేల నుంచి ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచు దాకా కొలిచేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు కొలిచేది సగం టైరులో గాలినే. చక్రం మధ్య బిందువు నుంచి నిటారుగా ఫెండర్ అంచుకు కొలవాలి, నాలుగు మూలలా, చదునైన నేల మీద, తొట్టి ఖాళీ చేసి. కుడికీ ఎడమకూ పావంగుళం తేడా వస్తే కంగారు పడనక్కర్లేదు, కొత్త బళ్ళలోనూ వస్తుంది. ముందుకీ వెనక్కీ తేడా రెండంగుళాలు ఉంటే ఒకటిన్నర అంగుళాల కిట్ చాలు. మిగిలిన అరంగుళం వినయాన్ని బండికి ఉండనివ్వాలి. రసమట్టం పెట్టి బుడగ నడిమధ్యకు తెచ్చుకున్న బండి, తొట్టిలో నాలుగు సిమెంటు బస్తాలు పడగానే ముక్కు ఆకాశానికెత్తి వెనక్కి కూలబడుతుంది.

పెట్టె విప్పగానే మొదటి ఆశాభంగం. రెండంగుళాల కిట్ అని తెప్పిస్తే లోపల అంగుళం మందం బిళ్ళలు రెండు. మోసం జరిగిందని ఫోను అందుకునే ముందు కింద పడుకుని ఒక్కసారి పైకి చూడాలి. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన స్ట్రట్ కింది కొస, చక్రాన్ని ఫ్రేముకు కలిపే కింది చెయ్యి లాంటి లోయర్ కంట్రోల్ ఆర్మ్ మీద దాదాపు సగం దూరంలో బిగించి ఉంటుంది. స్ట్రట్ అంగుళం కదిలితే చక్రం రెండంగుళాల దగ్గర కదులుతుంది. అందుకే స్ట్రట్ తలమీద పెట్టిన అంగుళం బిళ్ళ బండిని రెండంగుళాలు లేపుతుంది. పెట్టుబడికి రెట్టింపు రాబడి ఇచ్చేది ఈ బిళ్ళ ఒక్కటే.

ఇదంతా ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉన్న బళ్ళ సంగతి. స్ప్రింగులకు బదులు మెలితిరిగే కడ్డీలు, అంటే టోర్షన్ బార్లు ఉన్న బరువైన ట్రక్కులకు ఆ కడ్డీల కొసలను పట్టే 'కీ' ముక్కల్ని మారుస్తారు. ముందు కూడా రెండు చక్రాలను కలిపే ఒకే గట్టి యాక్సిల్ ఉన్నవాటికి కాయిల్ స్ప్రింగుకు స్పేసర్ వేస్తారు. అక్కడ బండి లేచిన కొద్దీ యాక్సిల్‌ను ఫ్రేముకు అడ్డంగా కట్టే ట్రాక్ బార్ దాన్ని ఒక పక్కకు లాగుతుంది, దాన్ని సరిచేయకపోతే బండి పీతలా నడుస్తుంది. వాళ్ళ కష్టాలు వాళ్ళవి.

బిగించే పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుందని కిట్‌తో వచ్చిన కాగితం చెబుతుంది. ఆ కాగితం రాసినవాడు తుప్పు పట్టిన బోల్టును చూసి ఉండడు. వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, ముందు భాగం లేపి, ఫ్రేము కింద రెండు జాక్ స్టాండ్లు నిలపాలి. ఉత్త జాకును నమ్ముకుని కింద దూరేవాడికి బండి మట్టం కంటే ముందు తన మట్టం తెలిసొస్తుంది. చక్రాలు తీశాక ఏబీఎస్ వైరు క్లిప్పులు, బ్రేక్ హోస్ బ్రాకెట్ విప్పాలి. లేదంటే చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ, అంటే నకిల్, కిందికి జారినప్పుడు దాని బరువంతా ఆ హోస్ మీదే వేలాడుతుంది. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్వే బార్ లింకులు రెండు పక్కలా విప్పాలి. ఒకపక్కే విప్పితే రెండోపక్క బార్ మొండికేస్తుంది. నకిల్‌ను పై చెయ్యికి కలిపే అప్పర్ బాల్ జాయింట్ నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు వదిలి, నకిల్ మీద సుత్తితో గట్టిగా నాలుగు వేస్తే లోపల ఇరుక్కున్న టేపరు (కొస సన్నబడ్డ కాడ) వదులుతుంది. సుత్తి దెబ్బ నకిల్‌కు తగలాలి, బాల్ జాయింట్ మరలకు కాదు. ఈ తేడా తెలియనివాళ్ళ వల్లే బాల్ జాయింట్లు అమ్మేవాళ్ళ వ్యాపారం సాగుతోంది.

ఇప్పుడు బానెట్ ఎత్తితే స్ట్రట్ తలమీద మూడు నట్లు, వాటి మధ్యలో ఒక పెద్ద నట్టు కనిపిస్తాయి. చుట్టూ ఉన్న మూడూ విప్పాలి. మధ్యది మాత్రం ఎంత అందంగా కనిపించినా ముట్టుకోకూడదు. నొక్కిపెట్టిన స్ప్రింగ్‌ను పట్టి ఉంచుతున్నది అదే. దాన్ని విప్పితే స్ప్రింగ్ బయటికొచ్చే వేగానికి ఆత్మగౌరవంతో పాటు ప్రాణానికీ హామీ ఉండదు.

స్ట్రట్ కింది బోల్టులు కూడా తీశాక స్ట్రట్ బయటికొస్తుంది, బిళ్ళ తలమీద కూర్చుంటుంది, మళ్ళీ లోపలికి పోతుంది. పోదు. బిళ్ళంత పొడుగు పెరిగింది కదా, కింది ఆర్మ్‌ను కడ్డీతో అదిమి బోల్టు దూర్చాలి. ఈ గింజులాటలో నకిల్‌ను బయటికి వాలనిస్తే చక్రాన్ని తిప్పే ఇరుసు, అంటే సీవీ యాక్సిల్, లోపలి జాయింట్ ఊడుతుంది. ఊడినప్పుడు శబ్దం పెద్దగా రాదు, గ్రీజు మాత్రం బాగా వస్తుంది. ఇక కంట్రోల్ ఆర్మ్ బుషింగ్ బోల్టులు వదులు చేసి ఉంటే వాటిని గాలిలో బిగించకూడదు. బండిని నేలమీద నిలబెట్టి, దాని బరువు దాని మీద పడ్డాకే బిగించాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే లోపలి రబ్బరు ఆ భంగిమే శాశ్వతమనుకుంటుంది. నేలకు దిగిన క్షణం నుంచి మెలిపడి ఉండి, తొందరగా చిరుగుతుంది. ప్రతి బోల్టుకూ ఆ బండి మాన్యువల్ చెప్పిన టార్క్ (బిగింపు బలం) ఇవ్వాలి. "చేతికి గట్టిగా తగిలింది" అనేది టార్క్ లెక్క కాదు. చక్రం నట్లు నక్షత్రం వరసలో బిగించి, 50 నుంచి 100 మైళ్ళు తిరిగాక మళ్ళీ చూసుకోవాలి.

నేరుగా పోతోంది కదా, అలైన్‌మెంట్ ఎందుకు అనేవాళ్ళకు టైరే జవాబు చెబుతుంది. ముక్కు లేచినప్పుడు స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లు కిందికి వాలుతాయి, చక్రాలు చూసే దిశ, అంటే టో, మారిపోతుంది. చక్రాలు రెండూ ఒకదానికొకటి ఎడమొహం పెడమొహంగానో, ముక్కుముక్కు రాసుకుంటూనో నడుస్తాయి. కొత్త టైరు ఒక అంచున నున్నగా బోడి అవుతుంది. చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం, అంటే క్యాస్టర్, తగ్గితే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట మధ్యకు రాదు, హైవే మీద బండికి ఏ వరసలో ఉండాలో నిర్ణయం కుదరదు. కంపెనీ ఇచ్చిన సర్దుబాటు బోల్టుల హద్దు చాలకపోతే కొత్త అప్పర్ కంట్రోల్ ఆర్మ్‌లు కొనాలి. స్టీరింగ్ కోణం సెన్సర్‌ను సున్నాకు తేవాలి. అద్దం వెనక కెమెరా, ముందు రాడార్ ఉన్న బండైతే అవి కూడా ఇప్పుడు రోడ్డును వదిలి మబ్బుల్ని గమనిస్తుంటాయి. వాటి క్యాలిబ్రేషన్ వేరే ఖర్చు. కొండనాలుకకు మందేస్తే ఏమైందో తెలిసిన జాతి మనది. తెలిసీ మందేస్తాం.

లేచిన ముక్కు కింద పాత టైర్లు ఎండిన కాళ్ళలా కనిపించడం తర్వాతి దశ. ఇది కిట్‌తో ఉచితంగా వచ్చే జబ్బు. 275/65ఆర్18 టైరు ఎత్తు 32 అంగుళాలు. 285/75ఆర్18 అయితే 34.8, దాన్నే లోకం ముద్దుగా ముప్పైఅయిదు అంటుంది. ఎత్తు తేడా 2.8 అంగుళాలు కాబట్టి బండి అంత లేచిందనుకుంటే పొరపాటు. సగమే లేస్తుంది, మిగతా సగం ఇరుసు పైన ఫెండర్‌లోకి పోతుంది. రాళ్ళ దారిలో ముందుగా తగిలేది వెనక ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ గుండు. లెవెలింగ్ కిట్ దాన్ని ఒక్క వెంట్రుక కూడా లేపదు. పెద్ద టైరు లేపేది ఒకటిన్నర అంగుళానికి లోపే. అడవిలో కొండలెక్కడానికే ఈ ఖర్చంతా అని ఇంట్లో చెప్పినవాళ్ళు ఈ వాక్యాన్ని ఇంట్లో చదవనివ్వకూడదు.

మీటరుకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అది పాత టైరు చుట్టుకొలతతోనే గుణిస్తుంటుంది. తేడా 8.6 శాతం. మీటరు 60 చూపిస్తే బండి 65లో ఉంటుంది, 75 అంటే 81 దాటింది. "మీటరు చూసుకునే నడిపాను సార్" అనే మాట మొట్టమొదటిసారి నిజమవుతుంది, అయినా చలాను ఆగదు. నిజంగా 108 మైళ్ళు తిరిగితే ఓడోమీటరు 100 అంటుంది. కాబట్టి మైలేజీ నిజంగా పడిపోయినదానికంటే ఇంకొంచెం ఎక్కువ పడినట్టు చూపిస్తుంది. యజమానిని ఏడిపించడంలో కంప్యూటర్‌కు కూడా ఒక సరదా. టైరు కొలతను ప్రోగ్రామర్‌తో మార్పిస్తే మీటరు దారికొస్తుంది, ఇంజన్ రాదు. ఇరుసులోని 3.55 నిష్పత్తి గేరు పెద్ద టైరుతో 3.27 లా పనిచేస్తుంది. ఎక్కుడు దారిలో గేరుబాక్స్ పైకీ కిందికీ వెతుక్కుంటుంది. గేర్లు మార్చుదామంటే, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందూ వెనకా రెండు చోట్లా ఒకేలా మార్చాలి. ఒక్కచోటే మార్చి ఫోర్ వీల్ వేసినవాడికి, ముందూ వెనకా ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కు ఇక సెలవే.

బరువు మరచిపోయాను. ఎక్కువ బరువు మోసే 'లోడ్ రేంజ్ E' రకం, పది ప్లై రేటింగ్ ఉన్న టైరు, కంపెనీ టైరు కంటే తలా ఇరవై పౌండ్లకు పైగా బరువుండొచ్చు. తిరిగే బరువు కాబట్టి లాగడానికీ కష్టమే, ఆపడానికీ కష్టమే. డ్రైవర్ తలుపు పక్క చీటీ మీద రాసిన గాలి ఒత్తిడి పాత టైరుది. ఎల్‌టీ (లైట్ ట్రక్) టైరు అదే బరువు మోయడానికి అంతకంటే ఎక్కువ గాలి అడుగుతుంది. అలాగని టైరు పక్క గోడమీద రాసి ఉన్న 80 పీఎస్ఐ నింపేస్తే బండి టేకు బల్లలా ఎగురుతుంది, అది గరిష్ఠం మాత్రమే. తయారీదారు బరువు పట్టిక చూసి నింపి, ట్రెడ్ మీద అడ్డంగా సుద్దగీత గీసి కాస్త దూరం నేరుగా నడపాలి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ.

రాపిడి సంగీతం వేరు. నేరుగా వెళ్ళినప్పుడు ఏ శబ్దమూ ఉండదు, షాపు వాళ్ళు నడిపి చూపించేదీ నేరుగానే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ వేసినప్పుడు టైరు వెనక అంచు ఫెండర్ లైనర్‌ను, మడ్ ఫ్లాప్‌ను, క్యాబిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బాడీ మౌంట్‌ను వరసగా పలకరిస్తుంది. మడ్ ఫ్లాప్ తీసేయొచ్చు. లైనర్‌ను హీట్ గన్‌తో వేడిచేసి వెనక్కి నొక్కి జిప్ టైలతో కట్టొచ్చు. బాడీ మౌంట్ మాత్రం ఇనుము, కోసి మళ్ళీ వెల్డింగ్ పెట్టాలి. కొత్త బండి ఫ్రేము దగ్గరికి గ్రైండర్ తీసుకెళ్ళే మనిషి ముఖంలో ఉండే ప్రశాంతతను చిత్రకారులు ఎవరూ ఇంకా పట్టుకోలేదు. దీనికి తోడు చక్రాలు ఫెండర్ దాటి బయటికి కనిపించాలని తక్కువ ఆఫ్‌సెట్ రిమ్ములు వేస్తారు. అప్పుడు తిరిగే వలయం పెద్దదై రాపిడి పెరుగుతుంది, బేరింగుల మీద లాగుడు పెరుగుతుంది, రోడ్డు మీద బురదంతా తలుపుల మీదికి ఎగురుతుంది. బండి అడవికి వెళ్ళొచ్చినట్టు కనిపించడానికి ఇది చవకైన మార్గమేనని ఒప్పుకోవాలి.

ఎదురుగా వచ్చేవాళ్ళ గురించి కూడా ఒకమాట. 145 అంగుళాల వీల్‌బేస్ (ముందు వెనక ఇరుసుల మధ్య దూరం) మీద ముక్కు రెండంగుళాలు లేస్తే, 25 అడుగుల దూరంలో గోడమీద హెడ్‌లైటు వెలుతురు వంపు వల్ల నాలుగంగుళాలు, ఎత్తు వల్ల రెండంగుళాలు, మొత్తం ఆరంగుళాలు పైకి పోతుంది. డిమ్ వేసినా ఎదుటివాడికి అది సూర్యోదయమే. వాడు లైట్లు కొట్టి తిడుతుంటే బండి అందానికి సలాం చేస్తున్నాడనుకునే యజమానులున్నారు. పని మొదలుపెట్టకముందే గోడకు ఎదురుగా బండి నిలిపి, లైటు మధ్య ఎత్తుకూ వెలుతురు పైఅంచుకూ టేపు ముక్కలు అంటించుకోవాలి. తర్వాత కొత్త ఎత్తు నుంచి అంతే దిగుడు వచ్చేలా లైటు వెనక మర తిప్పాలి. రెండు నిమిషాల పని, స్క్రూడ్రైవర్ చాలు. అందుకే ఎవరూ చేయరు.

ఈ ఉద్యమంలో అతివాదులు కూడా ఉన్నారు. ముందు భాగాన్ని ఆకాశంలోకి లేపి వెనక భాగాన్ని నేలకు ఆనించేవాళ్ళు. నార్త్ కరొలైనాలో వీళ్ళ ధాటికి 2021లో చట్టమే వచ్చింది: ముందు ఫెండర్ వెనకదానికంటే నాలుగంగుళాలు గాని అంతకుమించి గాని ఎత్తుండకూడదు. వెనక ఫెండర్ ఎత్తుంటే మాత్రం ఏ శాసనసభా నొచ్చుకున్నట్టు లేదు. వినయానికి చట్టంతో ఎప్పుడూ పేచీ రాదు.

చివరికి ఆ రోజు రానే వస్తుంది. ఇల్లు మారుతున్న స్నేహితుడు ఫోన్ చేస్తాడు. పికప్ ఉన్నవాడికి స్నేహితులు ఎందుకుంటారో అప్పుడు తెలుస్తుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, రెండు బీరువాలు తొట్టిలో ఎక్కగానే వెనక భాగం కుంగి, ముక్కు లేచి, స్టీరింగ్ తేలిక పడి, సర్దిపెట్టిన హెడ్‌లైట్లు మళ్ళీ చెట్ల కొమ్మల మీదికి పోతాయి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాలకోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి దారిలోనే మనవాడూ నడిచి, వెనక స్ప్రింగుల దగ్గర గాలి బ్యాగులు బిగిస్తాడు. ఖాళీ బండిలో కూడా వాటిలో కనీసం అయిదు పీఎస్ఐ గాలి ఉంచాలి, లేకపోతే మడతపడి చిరుగుతాయి. బరువును బట్టి పెంచుకుంటూ పోతే వెనక భాగం నిక్కచ్చిగా మట్టానికి లేస్తుంది. బీరువాలు దింపి ఇంటికొచ్చిన సాయంత్రం గాలి తీయడం మరిచిపోతాడు. మర్నాడు పొద్దున పక్కనుంచి చూస్తే బండి తల వంచుకుని నిలబడి ఉంటుంది. ఒకటిన్నర అంగుళం చాలలేదని అతను అప్పుడే నిర్ణయానికొచ్చి, రెండున్నర అంగుళాల కిట్ ఆర్డరు పెడతాడు.