సవరణ: ఐబనెజ్ రోడ్‌స్టార్ 2 ఎలక్ట్రిక్ గిటారు అమ్మకం, నెల్లూరు

మొన్నటి ప్రకటనలో ఈ గిటారు 1982ది, పార్టులన్నీ ఒరిజినలే, వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే నాబ్ కింద ఉండే భాగం) కాస్త గరగరమంటుంది అంతే అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదువుకోండి.

నెక్ ప్లేటు (మెడను బాడీకి బిగించే వెనకవైపు రేకు) మీద సీరియల్ నంబరు సి84తో మొదలవుతుంది. ఆ కాలపు జపాన్ ఐబనెజ్‌లలో అక్షరం నెల, తర్వాతి రెండంకెలు సంవత్సరం. అంటే 1984 మార్చి. టోన్ పాట్ మాత్రం ఒరిజినల్ కాదు, తర్వాత మార్చి వేసినది. వాల్యూమ్ పాట్ పాతదే, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పాక గరగర పోయింది.

ముఖ్యంగా చూసుకోవాల్సింది బ్రిడ్జి, అంటే బాడీ మీద తీగలు ఆనే భాగం. సముద్రపు గాలికి ఆరో తీగ శాడిల్ (ఆ తీగ ఆనే, ముందుకూ వెనక్కూ జరిగే ముక్క) స్క్రూ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కన్నా నొక్కిన స్వరం కొంచెం హెచ్చుగా పలుకుతోంది. శాడిల్ వెనక్కి జరిగితేగాని సరికాదు. తుప్పు వదిలించే ఆయిల్ ఒక్క చుక్క వేసి రాత్రంతా వదిలేయాలి. మొండిగా తిప్పారో, స్క్రూ తల అరిగిపోతుంది, ఇక శాడిలే మార్చాలి.

మొదటి మూడు ఫ్రెట్లలో సన్న తీగల కింద గుంటలున్నాయి. ఫ్రెట్లను అరగదీయించి లెవెల్ చేయిస్తే చాలు, రీఫ్రెట్ (కొత్త ఫ్రెట్లు వేయించడం) అక్కర్లేదు. నెక్ పాకెట్ (మెడ బాడీలో కూర్చునే గాడి) దగ్గర గీత పెయింటుదే. నాలుగు స్క్రూలూ విప్పి చూశాం, చెక్క పగల్లేదు.

ధర 28,000 కాదు, 25,000. కావలి, ఒంగోలు వాళ్లు వచ్చి ఆంప్‌కు తగిలించి చూసుకోవచ్చు. కొరియర్ మాత్రం చేయం.