నోటులో చిప్ లేదు, బాండులో నంబరు ఉంది

2016 నవంబరులో పాత ఐదు వందల, వెయ్యి నోట్లను రద్దు చేసినప్పుడు, కొత్త రెండు వేల నోటు చేతికి అందకముందే దాని కథ అందింది. నోటులో నానో జీపీఎస్ చిప్ ఉందట, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం కనిపెట్టేస్తుందట, ఒకేచోట కట్టలు పోగుపడితే ఆదాయపు పన్ను శాఖకు కబురు వెళ్తుందట. వాట్సాప్‌లో తిరిగిన ఈ మాటను కొన్ని హిందీ వార్తా చానెళ్ళు స్టూడియోలో బొమ్మలు వేసి మరీ వివరించాయి. అలాంటిదేమీ లేదని రిజర్వు బ్యాంకు చెప్పినా కథ ఆగలేదు.

జీపీఎస్ పరికరం వింటుంది, మాట్లాడదు. 20 వేల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకుని తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్కను ఇంకొకరికి పంపాలంటే ట్రాన్స్‌మిటర్, యాంటెన్నా, బ్యాటరీ కావాలి. పైగా ఆ సంకేతం స్లాబు కిందికే సరిగా దిగదు. సెల్లార్‌లోకి కారు దించగానే ఫోన్‌లో మ్యాప్ తికమకపడేది అందుకే. బ్యాటరీ అక్కర్లేని చిప్‌లు లేకపోలేదు, మెట్రో కార్డులో ఉండేది అలాంటిదే. దాన్ని గేటు దగ్గర రీడర్‌కు నాలుగు వేళ్ళ దూరంలో పెడితే తప్ప పలకదు. నేలలో 120 మీటర్ల లోతు నుంచి ఆకాశానికి పలికే కాగితం ఎక్కడా లేదు.

ఇంత తేలిగ్గా కూలిపోయే కథను అంతమంది ఎందుకు నమ్మారు? నా జవాబు ఒక్కటే. ఆ కథ భయంలోంచి కాదు, ఆశలోంచి పుట్టింది. తెల్లవారుజామునే బ్యాంకు ముందు వరుసలో నిలబడినవాడికి తన కష్టానికి ఒక కారణం కావాలి. ఇంతమందిని ఊరికే ఎండలో నిలబెడతారా, దీని వెనక పెద్ద ఆలోచనే ఉండి ఉంటుంది, దొంగలు దొరికే ఏర్పాటేదో చేసే ఉంటారు. పెద్ద కష్టానికి పెద్ద కారణం ఉండి తీరాలని మనసు పట్టుబడుతుంది. ఎక్కడో ఒక కన్ను అన్నీ చూస్తోందన్న నమ్మకం, ఎవరూ ఏమీ సరిగా చూసుకోలేదన్న నిజం కంటే ఓదార్పునిస్తుంది.

జెన్నిఫర్ విట్సన్, ఆడమ్ గాలిన్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కొందరికి ఒక పజిల్ ఇచ్చి, వాళ్ళు ఏ జవాబు చెప్పినా దానితో సంబంధం లేకుండా ఒకసారి ఒప్పు, ఒకసారి తప్పు అన్నారు. ఏం చేసినా పట్టు దొరకని స్థితి అన్నమాట. తర్వాత చుక్కల మసక తప్ప ఏమీ లేని బొమ్మలు చూపిస్తే, మిగతావారికంటే వీళ్ళకు అందులో లేని ఆకారాలు ఎక్కువగా కనిపించాయి. ఇప్పుడు ఆ నవంబరును తలుచుకోండి. పాత నోట్ల మార్పిడి పరిమితి ముందు 4,000 అన్నారు, తర్వాత 4,500 అన్నారు, 18 నుంచి 2,000 చేశారు, 24 తర్వాత మార్పిడే ఆపేశారు. మధ్యలో నోట్లు మార్చుకున్నవారి వేలికి సిరా. అంటే దేశం మొత్తాన్నీ ఆ పజిల్ ముందు కూర్చోబెట్టారు. మసకలో చిప్ కనిపించిందంటే ఆశ్చర్యపడాల్సిందేముంది?

జనం చిప్ కోసం వెతుకుతున్నప్పుడు అసలు నిర్ణయాలు రెండు కాగితాల మీద ఉన్నాయి. ఒకటి నోటు కొలత. పాత వెయ్యి నోటు పొడవు 177 మిల్లీమీటర్లు, వెడల్పు 73. కొత్త రెండు వేలు 166, 66. ఏటీఎంలో నోట్లుండే క్యాసెట్లు పాత కొలతకు సర్ది ఉన్నాయి. ఒక్కో యంత్రం దగ్గరికి మనిషి వెళ్ళి క్యాసెట్ సర్ది, సాఫ్ట్‌వేర్‌లో దాని విలువ మార్చి, నోట్లు పెట్టి పరీక్షించాలి. దేశంలో అప్పటికి రెండు లక్షలకు పైగా ఏటీఎంలున్నాయి. ఈ పని చూసే కార్యదళాన్ని రిజర్వు బ్యాంకు వేసింది నవంబరు 14న, అంటే ప్రకటన వెలువడిన ఆరు రోజులకు. మన వరుసలు సాగదీసింది ఏ గూఢచారి చిప్పూ కాదు, ఆ 11 మిల్లీమీటర్ల తేడాను ముందుగా లెక్కలోకి తీసుకోకపోవడమే.

రెండో కాగితం రిజర్వు బ్యాంకు కేంద్ర బోర్డు మినిట్స్, అంటే సమావేశంలో అనుకున్నదాన్ని రాసిపెట్టిన పత్రం. నవంబరు 8 సాయంత్రం 5.30కి ఢిల్లీలో బోర్డు కూర్చుంది. రాత్రి 8కి ప్రధాని టీవీలో ప్రకటించారు. నల్లధనం చాలావరకు నగదుగా ఉండదు, బంగారం, స్థిరాస్తుల్లో ఉంటుంది, వాటిపై ఈ చర్య ప్రభావం పెద్దగా ఉండదు అని ఆ మినిట్స్‌లోనే రాసి ఉంది. అలా రాసి ఆమోదం తెలిపారు. సమాచార హక్కు దరఖాస్తు పుణ్యాన 2019లో ఇది బయటికి వచ్చింది. అధికారం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవాలంటే ఆ రెండున్నర గంటలను చూడాలి. తెలిసినవాళ్ళు తమకు తెలిసింది కాగితం మీద రాసిపెట్టి, దానికి విరుద్ధంగా సంతకం పెట్టారు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకో కాగితం. నోటులో లేని రహస్య గుర్తు నిజంగానే ఉన్న కాగితం అది, పార్టీలకు విరాళం ఇవ్వడానికి బ్యాంకులో కొనే ఎన్నికల బాండు. 2017 ఆర్థిక బిల్లులో నాలుగు పాత చట్టాలను కదిలించి దీనికి దారి వేశారు. కంపెనీ గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న పరిమితి పోయింది. ఏ పార్టీకి ఇచ్చిందో కంపెనీ తన లెక్కల్లో చూపే పని పోయింది. బాండ్ల రూపంలో వచ్చినదాన్ని పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పే పనీ పోయింది. రిజర్వు బ్యాంకు వద్దంది, ఎన్నికల సంఘం వద్దంది. ద్రవ్య బిల్లు కాబట్టి రాజ్యసభ ఆపలేకపోయింది. 2018 జనవరి 2న గెజిట్‌లో పథకం వచ్చింది. వెయ్యి నుంచి కోటి రూపాయల దాకా ఐదు రకాల బాండ్లు, స్టేట్ బ్యాంకులోనే కొనాలి, 15 రోజుల్లో పార్టీ జమ చేసుకోవాలి, బాండు మీద కొన్నవారి పేరు ఉండదు. ఎవరిచ్చారో ఎవరికీ తెలియదన్నది హామీ.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఒక మహిళా విలేకరి వెయ్యి రూపాయల బాండ్లు రెండు కొని ప్రయోగశాలకు పంపించారు. అతినీలలోహిత కాంతి కింద పెడితే కుడివైపు పైమూలన అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు వెలిగింది. ఒక్కో బాండుకు ఒక్కో నంబరు. అది నకిలీలను ఆపడానికే, కొన్నవారి పేరుతో గానీ పార్టీతో గానీ ముడిపెట్టి బ్యాంకు నమోదు చేయదు అని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఐదుగురి ఏకగ్రీవ తీర్పుతో పథకాన్ని కొట్టేసింది. వివరాలు సరిపోల్చి ఇవ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలని స్టేట్ బ్యాంకు అడిగింది. కోర్టు మార్చి 11న కుదరదంది. నంబర్లూ ఇవ్వాల్సిందేనని 18న మళ్ళీ ఆదేశించాక, 21న కొన్నవారి పేరు పక్కన, జమ చేసుకున్న పార్టీ పక్కన ఆ నంబర్లన్నీ వచ్చాయి. బ్యాంకు నమోదు చేయదన్న నంబరు బ్యాంకు పుస్తకాల్లోనే ఉంది. ఆరేళ్ళపాటు దాతల పేర్లు తెలియనిది ఓటరుకు మాత్రమే.

ఆ జాబితాలో తెలుగువాళ్ళు చదవాల్సిన వరుసలున్నాయి. 2019 ఏప్రిల్ తర్వాతి లెక్కలో దేశంలోనే రెండో పెద్ద కొనుగోలుదారు హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగ్, సుమారు 966 కోట్లు. తీసుకున్న పార్టీల్లో మొదటిది 6,060 కోట్లతో బీజేపీ. నాలుగోది ఒకే రాష్ట్రంలో బలమున్న బీఆర్ఎస్, సుమారు 1,214 కోట్లు. వైఎస్సార్‌సీపీకి 337 కోట్లు, తెలుగుదేశానికి 219 కోట్ల దాకా. ఏ బాండు ఏ పనికి బదులో ఆ జాబితా చెప్పదు. ప్రత్యేక దర్యాప్తు కావాలన్న పిటిషన్లను కోర్టు ఆగస్టులో తోసిపుచ్చింది. అయినా ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారన్నది ఇప్పుడు అక్షరాలా ఉంది. ప్రపంచాన్ని ఏ రహస్య కుటుంబం ఏలుతోందో గంటల తరబడి వీడియోలు చూసేవాళ్ళు ఈ జాబితాకు ఒక్క సాయంత్రం కేటాయించి ఉంటే, తమను ఏలేవాళ్ళను ఎవరు పోషిస్తున్నారో పేర్లతో సహా తెలిసేది.

ఇదంతా చదువు లేకపోవడం వల్ల వచ్చిన తంటా అని, సైన్స్ బాగా చెప్తే పుకార్లు వాటంతటవే పోతాయని అనేవాళ్ళున్నారు. కొంత నిజమే. కానీ చిప్ కథను స్టూడియోలో వివరించింది చదువుకున్నవాళ్ళే. అనుమానించడం తప్పు అనడమూ సరికాదు. సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో చూపిన 5,040 కోట్ల నగదు అసలు లేదని 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటపెట్టేదాకా హైదరాబాద్‌లో ఎవరు ఊహించారు? బ్యాంకు నిల్వలు నిజమా కాదా అని ఆడిటర్ నేరుగా బ్యాంకుకు రాసి, జవాబు నేరుగా తెప్పించుకోవాలి. అక్కడ ఆ ఉత్తరాలు పంపే పని, తెచ్చే పని కంపెనీకే వదిలేశారు. నిజమైన కుట్రకు తేదీ ఉంటుంది, ఉత్తరం ఉంటుంది, సంతకం ఉంటుంది.

అయితే మన జనం ఆ ఉత్తరాల దాకా ఎందుకు వెళ్ళరు? భాష వల్ల. పుకారు తెలుగులో వస్తుంది, జీవో ఇంగ్లిష్‌లో వస్తుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్ళే పార్థీ గ్యాంగ్ దిగిందన్న మాట మన ఊళ్ళలోకి మన యాసలోనే వచ్చింది. దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. చివర్లో పిల్లాణ్ణి వెనక్కి దించి హెచ్చరిక బోర్డు చూపే భాగాన్ని కత్తిరించేశారు. ఆ పుకార్లకు తెలంగాణలో ప్రాణాలు పోయాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో మాత్రం అప్పటి ఎస్పీ రేమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళకు గ్రామాలు పంచి, డప్పు పట్టించి, పాట కట్టించి, వచ్చిన మెసేజ్ అబద్ధమని గడపగడపకూ చెప్పించారు. సుమారు 400 ఊళ్ళలో ఒక్కరూ చనిపోలేదు. ఆమె చేసింది జవాబును పుకారు భాషలోకి దించడం.

ప్రభుత్వాలు దీనికి తలకిందులుగా నడుస్తాయి. 1966 నుంచి అధికార భాషా చట్టం ఉంది, జీవోలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే. అదైనా కనిపిస్తే మేలే అనుకునే రోజులూ వచ్చాయి. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వాటి వెబ్‌సైట్లో పెట్టడమే ఆపేసింది, అక్కడ మళ్ళీ మొదలవడానికి 2024 దాకా పట్టింది. అదే 2021 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు జీవోలు 24 గంటల్లో వెబ్‌సైట్లో ఉండాలని చెప్పాల్సి వచ్చింది. కాగితం దాచినచోట కథ పుడుతుంది. జీవో కనబడని ఊళ్ళో ఏ భూమి ఎవరికి పోయిందో ఊహించుకోవడం తప్ప రైతుకు మరో దారి ఏది?

సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ ప్రకారం తెలుగులోనే దరఖాస్తు రాయొచ్చు, జవాబుకు గడువు 30 రోజులు. నాలుగో సెక్షన్ ఎవరూ అడగకుండానే సమాచారాన్ని స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని జనానికి చేర్చమంటోంది. దాన్ని అమలు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. జీవో అప్‌లోడ్ చేసిన రోజే పక్కన ఒక పేజీ తెలుగు ఉంటే చాలు. ఏ నిబంధన మారింది, డబ్బయినా భూమయినా ఎవరికి ఎంత, ఎప్పటి నుంచి, కింద ఎవరి సంతకం. 2024 మార్చి 14న ఎన్నికల సంఘం పెట్టిన బాండ్ల జాబితాలు రెండూ కలిపి 763 పేజీలు. అందులో ఒక్క పేజీ కూడా తెలుగులో లేదు.