లంకల పిల్లలకు ఓపెన్ స్కూల్ దరఖాస్తు ఒక్కటే చాలదు

గోదావరి డెల్టాలో ఏ హైస్కూలు హాజరు పట్టీ తిరగేసినా ఆ ఊరి బతుకు కనిపిస్తుంది. జూలై, ఆగస్టుల్లో లంకల, అంటే నది మధ్య దీవుల్లాంటి ఊళ్ల పిల్లలు రారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వరద పెరిగితే కాజ్‌వేలు మునుగుతాయి, పడవలు ఆపేస్తారు. కోనసీమలో తల్లి కువైట్ వెళ్లిన ఇంట్లో తమ్ముళ్లకు వండిపెట్టే భారం చాలాసార్లు తొమ్మిదో తరగతి పిల్ల మీదే పడుతుంది.

ఇక రొయ్యల షెడ్లు. తెల్లవారకముందే వ్యాన్ వస్తుంది. ఐస్‌లోని రొయ్యల తలలు తీసి పొట్టు ఒలిచేసరికి వేళ్లు తిమ్మిరెక్కి, గోళ్ల చుట్టూ చర్మం తెల్లగా నానిపోతుంది. అమ్మకు సాయం వెళ్లిన పిల్ల ఆ చేతులతోనే ఆలస్యంగా బడికొస్తే, అందరి ముందు నిలబెట్టి "నిన్న ఎందుకు రాలేదు?" అని అడుగుతారు. మర్నాడు ఆ పిల్ల అసలు రాదు. పేదరికం బడికి ఎంత దూరం చేస్తుందో ఈ అవమానం కూడా అంతే దూరం చేస్తుందని నా నమ్మకం.

విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే వర్తిస్తుంది. 2016 సవరణ తర్వాత బాలకార్మిక చట్టం 14 దాటిన పిల్లలను ప్రమాదకరం కాని పనుల్లోకి అనుమతిస్తోంది. సరిగ్గా 14 ఏళ్లకే ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి అర్హత వస్తుంది. అంటే చట్టం చెయ్యి వదిలేసే వయసులో మిగిలే దారి ఇదొక్కటే. రాష్ట్రంలో 1991 నుంచి ఉన్న ఈ ఏర్పాటు నిజంగా మంచిది. రోజూ హాజరు అక్కర్లేదు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు, మిగతావి ఐదేళ్లలోపు పూర్తి చేసుకోవచ్చు.

కానీ పుస్తకాలిచ్చి పరీక్షకు రమ్మంటే పదిహేనేళ్ల పిల్లలు చదవలేరు. లెక్కల్లో ఆరో తరగతి దగ్గరే ఆగిపోయినవాళ్లకు పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. ఆదివారాలు, సెలవుల్లో జరిగే కాంటాక్ట్ క్లాసులు దానికి సరిపోవు. చెప్పేవాళ్లు లేనిచోట చూచిరాతలు మొదలవుతాయి, సర్టిఫికెట్ విలువ పోతుంది.

దాళ్వాకు, అంటే రబీ వరికి, నీళ్లు చాలకపోతే వంతులు పెట్టి శివారు చేలకూ అందించాలని చూస్తాం. చదువుకూ ఆ పద్ధతి పెట్టొచ్చు. ఊళ్లో హైస్కూలు గదులు సాయంత్రం ఖాళీయే. ఆరు నుంచి ఎనిమిది వరకు ఒక కేంద్రం, జీతమిచ్చి పెట్టిన ఇద్దరు టీచర్లు, ఆడపిల్లలను ఇంటికి దింపే ఆటో, వరద రోజుల్లో పునరావాస కేంద్రంలోనే క్లాసు. వీటికి కొత్త భవనం అక్కర్లేదు. ఇది బడి మాన్పించడానికి సాకు కాకూడదు. 14 లోపు పిల్లలను రెగ్యులర్ బడిలోనే నిలపాలి, షెడ్ల మీద తనిఖీలూ ఆగకూడదు.

మరొకటి వెంటనే చెయ్యొచ్చు. ఓపెన్ స్కూల్ ప్రవేశాలు ఇటీవల ఎక్కువగా జూలై, ఆగస్టుల్లోనే, అంటే వరద రోజుల్లోనే జరుగుతున్నాయి. లంక గ్రామాలకు గడువు అక్టోబరు వరకు ఇవ్వాలి, ఆలస్య రుసుము తీసేయాలి. రిజిస్టర్‌లో పేరు కొట్టేసే ముందు క్లాస్ టీచరే ఆ ఇంటికెళ్లి, తల్లి పక్కన కూర్చుని దరఖాస్తు నింపించాలి.