రెండు ఎస్‌లు

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర కొత్త అంగడి. బోర్డు మీద 12 అంగుళాల ఎల్‌ఈడీ అక్షరాలు: మొదటి వరసలో ‘ఫర్నిచర్స్’, రెండో వరసలో ‘అండ్ ఎక్విప్‌మెంట్స్’. ఇట్లాంటి అక్షరాలకు ఎత్తు కొలిచి అంగుళానికి ఇంతని కట్టించుకుంటారు. రెండు ఎస్‌లంటే 24 అంగుళాల డబ్బు.

పూజ రోజు వచ్చిన రిటైర్డ్ ఇంగ్లీషు సారు కొబ్బరికాయ కొట్టకముందే తల పైకెత్తారు.

“ఏమప్పా, ఆ రెండు ఎస్‌లూ తీయించు.”

“తీయిస్తే లోపల ఒక్క కుర్చీనే ఉండాదనుకుంటారు సార్!”

చిక్కంతా ఇక్కడే. లోపల సరుకెంత ఉందో ఇంగ్లీషుకు అక్కర్లేదు, పేరు ఎట్లాంటిదన్నదే చూస్తుంది. చెయిర్ విడి వస్తువు పేరు కాబట్టి నాలుగైతే చెయిర్స్. ఫర్నిచర్ అన్నది కుర్చీ, బల్ల, బీరువా అన్నిటినీ కలిపి పిలిచే పేరు. గోడౌను నిండినా అది ఫర్నిచరే, దాని పక్కన ‘ఆర్’ రాదు, ‘ఈజ్’ వస్తుంది. లెక్క చెప్పాల్సొస్తే ‘ఫోర్ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్’. ఎస్ పీస్‌కు తగులుతుంది, ఫర్నిచర్‌కు కాదు. ఎక్విప్‌మెంట్, లగేజ్, జ్యువెలరీ, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ అన్నీ ఈ బాపతే. వీటి ముందు ‘మెనీ’ నిలవదు, ‘మచ్’ నిలుస్తుంది.

“మనీ గూడా అంతేనా సార్?”

“అంతే. లెక్కపెట్టకూడదు.”

“మరి రోజూ రాత్రి గల్లాపెట్టె ముందర నేను చేసేదేంది?”

“రూపాయలు లెక్కపెడతాండావు. టెన్ రుపీస్ అంటావు గానీ టెన్ మనీస్ అంటావా?”

అంగడాయనకు పట్టుదల వచ్చింది. “చెనక్కాయలు?” “గ్రౌండ్‌నట్స్. ఎస్ ఉంది.” “బియ్యం?” “రైస్. లారీలోడు తెచ్చినా రైసే.” “సరే, గింజ చిన్నది, ఎవడు లెక్కపెడతాడులే. ఎర్రగడ్డలు?” “ఆనియన్స్.” “తెల్లగడ్డలు?”

సారు గొంతు కొంచెం తగ్గింది. “గార్లిక్. ఎస్ లేదు.”

“రెండూ ఒకే గంపలో ఉంటాయి గదా సార్!”

ఉంటాయి. చిన్నగింజ సూత్రం బియ్యానికీ చక్కెరకూ సరిపోయి తెల్లగడ్డ దగ్గర చతికిలబడుతుంది. తెల్లగడ్డను లెక్కపెట్టాలంటే రెబ్బలకు దిగి ‘త్రీ క్లోవ్స్ ఆఫ్ గార్లిక్’ అనాలి. హోటల్లో ‘టూ కాఫీస్’ అనొచ్చు, అక్కడ లెక్క కప్పులది. తలమీదున్నంత కాలం ‘హెయిర్’కు లెక్కలేదు, అందులోదే ఒకటి సాంబార్లో తేలితే ‘ఎ హెయిర్’. ఇట్లాంటివి తర్కంతో తేలవు. నేర్చుకునేవాళ్ల డిక్షనరీల్లో మాట పక్కన సి అనో యు అనో వేసుంటారు. సి ఉంటే లెక్కపెట్టొచ్చు, యు ఉంటే లేదు. బోర్డు రాయించే ముందు అది చూసుకుంటే నిచ్చెన ఖర్చు మిగులుతుంది.

బోర్డు పిల్లోడు నిచ్చెనేసి రెండు ఎస్‌లూ ఊడదీశాడు. రెండూ వరసల కొసన ఉన్నవే గనక తీగ తెంపినా మిగతా అక్షరాలు ఆరిపోలేదు, స్క్రూ బొక్కలు మాత్రం మిగిలాయి. డబ్బు పోసి చేయించిన ఎస్‌లను చేతిలో పట్టుకొని అంగడాయన దిగాలుగా చూస్తుంటే, సారుకు మూడో వరస కనబడింది: ‘సోఫా, కాట్, మ్యాట్రెస్’.

“ఇవి లెక్కకొచ్చేవే. ఎస్‌లు ఇక్కడ పెట్టించాల్సింది!”

అంగడాయన మొహం వెలిగింది. పది నిమిషాల్లో సోఫా పక్కన ఒకటి, కాట్ పక్కన ఒకటి ఎక్కాయి. మూడో వరస అక్షరాలు 6 అంగుళాలవని, ఎక్కినవి 12 అంగుళాలవని కిందికి దిగి చూసినాక గానీ ఎవరికీ తట్టలేదు.

“మ్యాట్రెస్‌కు గూడా కావాలప్పా,” అన్నారు సారు.

“దానికి ఇప్పటికే రెండు ఎస్‌లు ఉండాయి గదా సార్!”

“ఎస్‌తో ముగిసే మాటకు ఉత్త ఎస్ చాలదు. ఈ, ఎస్ రెండూ పెట్టాలి.”

అంగడాయన సారు వైపు చూశాడు, బోర్డు వైపు చూశాడు, నిచ్చెన మడుస్తున్న పిల్లోణ్ని ఆపాడు.

“ఒరేయ్, ఇంకో ఈ, ఇంకో ఎస్ చేసుకొని రా. ఎత్తా? 12 అంగుళాలే చెయ్. ఆ రెండిటి పక్కన చిన్నవి పెడితే ఏం బాగుంటుంది?”