ఆ నల్ల చేప మన కీడు మోసి చచ్చిపోలేదు

ఈ వారంలో అదే మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. చిన్ననాటి స్నేహితుల గ్రూప్‌లో, అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో, చివరికి మా మేనత్త నుంచి కూడా. చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఈశాన్యంలో గుండ్రటి గాజు బౌల్ పెట్టాలట. అందులో ఎనిమిది ఎర్రవి, ఒక నల్లది, మొత్తం తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు వెయ్యాలట. చేప గిన్నెను బట్టే పెరుగుతుంది కాబట్టి బౌల్ చిన్నదైనా చాలట. దానికి జ్ఞాపకం మూడు సెకన్లే కాబట్టి ఇరుకు అన్న బాధే తెలియదట. బుడగల మెషీన్ కరెంటు దండగట. రోజూ నీళ్ళు మొత్తం పారబోసి మినరల్ వాటర్ పొయ్యాలట. మూడు పూటలా అన్నం మెతుకులో బ్రెడ్డో వెయ్యాలట. జబ్బు చేస్తే గుప్పెడు గళ్ళుప్పు, పెద్దదైతే నదిలో వదిలిపెట్టడం. ఆఖర్న ఇంకో మాట: చేప చనిపోతే బాధపడకండి, ఇంటికి రావాల్సిన కీడును అది తన మీద వేసుకుని పోయింది, అదే రోజు ఇంకొకటి తెచ్చి వెయ్యండి.

శ్రీకాకుళంలో పన్నెండేళ్ళుగా ఇంట్లో గోల్డ్‌ఫిష్‌లు పెంచుతున్నాను. ఫార్వర్డ్ చేసినవాళ్ళందరూ నాకు కావాల్సినవాళ్ళే. అందుకే ఒకరొకరికీ విడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఈశాన్యం సంగతి మీ ఇష్టం. మధ్యాహ్నం ఎండ నేరుగా పడకపోతే చాలు, ఏ మూలైనా చేపకు ఒకటే. ఎనిమిదీ ఒకటీ లెక్క చైనా వాళ్ళ వాస్తు అయిన ఫెంగ్‌షూయ్‌ది, ఎనిమిది వాళ్ళకి అచ్చొచ్చిన అంకె. మూడు సెకన్ల జ్ఞాపకం శుద్ధ అబద్ధం. మేత డబ్బా మూత చప్పుడుకే మా చేపలు మూలకు వచ్చి నిలబడతాయి, నేను వారం రోజులు ఊరెళ్ళి వచ్చినా సరే. వీటి మీద ఇంతకంటే రాయను.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ ఆఖరి మాట.

మా పక్క వాటాలో ఉండే వదిన ఈ మెసేజ్ చూసే తొమ్మిది చేపలు కొంది. వాళ్ళబ్బాయికి ఏడేళ్ళు, తీర్థంలో, అంటే జాతరలో, చేపల కొట్టు ముందు నుంచి కదలనన్నాడట. తొమ్మిదో రోజు నల్లది చనిపోయింది. నేను పలకరిస్తే, "ఏటి చేస్తాం, ఏదో గండం పట్టుకుపోయిందట కదమ్మా" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. సాయంత్రానికి ఇంకో నల్లది వచ్చింది. అది మూడు రోజులు బతికింది. ఆ వెనకే రెండు ఎర్రవి పోయాయి. మర్నాడు తెల్లవారకముందే పిల్లాడు వచ్చి మా తలుపు కొట్టాడు.

వెళ్ళి చూస్తే మిగిలిన ఆరూ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. రెక్కలు ఒంటికి అంటుకుపోయాయి. ఒకదాని తోకలో ఎర్రటి దారాల్లాంటి చారలు. అడుగున రంగు రాళ్ళ సందుల్లో మెతుకులు, వాటి మీద తెల్లటి బూజు. మా ఇంటి నుంచి టెస్ట్ కిట్ తెచ్చి, చిన్న గాజు గొట్టంలో ఆ నీళ్ళు పట్టి, చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగాను. అమ్మోనియా అనే విషం లేకపోతే నీళ్ళు పసుపు రంగులో ఉండాలి. ఆ నీళ్ళు నూరిన గోరింటాకులా ముదురు ఆకుపచ్చకు తిరిగాయి. పిల్లాడు గొట్టం వైపే చూస్తూ, "అత్తా, అయితే నల్లదాన్ని మేమే చంపేశామా?" అని అడిగాడు. తెలియక జరిగింది నాన్నా, అన్నాను. వాళ్ళమ్మ ఏమీ మాట్లాడలేదు.

జరిగింది ఇదీ. చేప మలంతోనే కాదు, ఊపిరితో కూడా అమ్మోనియాను మొప్పల్లోంచి వదులుతూనే ఉంటుంది. పాతబడిన తొట్టిలో ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది వారం వారం కాస్త నీళ్ళు మార్చితే ఇబ్బంది పెట్టదు. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్ మీద, అడుగు రాళ్ళ మీద కుదురుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త బౌల్‌లో అది ఉండదు. నీళ్ళు మార్చకపోతే అమ్మోనియా రోజురోజుకీ పేరుకుంటుంది, ఒకటి రెండు వారాలు తిరిగేసరికి చేపలు రాలడం మొదలవుతుంది. మన వేడికి అందులో విషపు భాగం ఇంకా పెరుగుతుంది. కొత్త బౌల్ పెట్టిన ఇళ్ళల్లో అడిగి చూడండి, చావులు ఎక్కువగా ఆ రోజుల్లోనే. అన్ని ఇళ్ళకీ కీడు లెక్కపెట్టుకుని రెండో వారంలోనే వస్తుందా?

"చూశారా, ముందు నల్లదే పోతుంది, దృష్టంతా అదే లాక్కుంటుంది" అని కూడా ఉంది ఆ మెసేజ్‌లో. నల్లది ముందు పోవడం నేనూ చూశాను. దానికి కారణం ఉంది. ఇక్కడ అమ్మే నల్ల చేప ఎక్కువగా బ్లాక్ మూర్ రకం. కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, చూపు సరిగ్గా ఆనదు. గుండ్రటి ఒళ్ళు, రెండు పాయల తోక, ఈత నెమ్మది. ఒంటి తోక ఎర్రవి బాణాల్లా దూసుకొచ్చి మేత తినేస్తే దీనికి దక్కేది ఏమీ ఉండదు. ఆకలితో నీరసించిన చేప, పైగా విషపు నీళ్ళు. అది మన కోసం ఏ త్యాగమూ చెయ్యలేదు. కళ్ళు కనపడని ప్రాణిని ఎనిమిదింటి మధ్య పోటీకి దింపి, ఓడిపోయాక దానికి పుణ్యం అంటగడుతున్నాం.

కీడు మాట నమ్మినంతమాత్రాన నష్టమేముంది అని మా మేనత్త అడిగింది. నష్టం ఇదే అత్తా: చేప ఎందుకు పోయిందో ఎవరూ అడగరు. అడగకపోతే నీళ్ళు చూడరు. అవే నీళ్ళలో ఇంకొకటి పడుతుంది, అదీ పోతుంది, దానికీ ఒక గండం లెక్క రాసుకుంటారు. కొట్టువాడికి బేరం, మనకి సంతోషం, చేపకు పది రోజుల ఊపిరాడని చావు. సరిగ్గా చూసుకుంటే గోల్డ్‌ఫిష్ పది పదిహేనేళ్ళు బతుకుతుంది. ఇంగ్లండ్‌లో టిష్ అనే చేపను 1956లో ఒక తీర్థం లాంటి సంతలోనే ఒక పిల్లాడు గెలుచుకున్నాడు. అది 1999 దాకా బతికింది, 43 ఏళ్ళు. మన తీర్థాల్లో కొన్న చేపలు మళ్ళీ అమావాస్య చూడటం లేదు.

పిల్లలున్న ఇంట్లో చేప పోతే ఏదో ఒక ఓదార్పు మాట కావాలి, కాదనను. ఓదార్చండి. ఆ తర్వాతైనా నీళ్ళు పరీక్ష చెయ్యండి.

ఇక రోజూ నీళ్ళన్నీ పారబొయ్యడం. దాంతో అమ్మోనియా పోయే మాట నిజమే. కానీ రోజూ చేపను చేత్తో పట్టి తీసి, బౌల్‌నీ రాళ్ళనీ కుళాయి కింద రుద్ది కడిగితే, కుదురుకోబోయే బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోతుంది. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ దాన్నీ చంపుతుంది, చేప మొప్పల్నీ కాలుస్తుంది. వారానికి పావు వంతో మూడో వంతో మార్చండి. క్లోరిన్ నీళ్ళయితే బకెట్లో మూత లేకుండా ఒక రోజు ఉంచండి, లేదా చేపల కొట్లో దొరికే క్లోరిన్ విరిచే మందు చుక్కలు వెయ్యండి. స్పాంజ్‌ను తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండండి. మినరల్ వాటర్ అసలు వద్దు. అది శుద్ధి చేసే ఆర్‌ఓ మెషీన్ లవణాల్ని చాలావరకు తీసేస్తుంది, నీటి పీహెచ్‌ను, అంటే ఆమ్ల క్షార గుణాన్ని, నిలబెట్టేవి అవే. గోల్డ్‌ఫిష్‌కు లవణాలున్న కాస్త గట్టి నీళ్ళే పడతాయి. మా ఇంట్లో బోరు నీళ్ళే, రాత్రంతా బుడగలు కొట్టించి మర్నాడు పోస్తాను. ఇరవై లీటర్ల క్యాన్ కొని చేపలకు పోసేవాళ్ళు ఆ డబ్బుతో ఫిల్టర్ కొనుక్కోవచ్చు.

గిన్నెను బట్టి పెరుగుతుందట! బొచ్చెలూ శీలావతులూ తిని పెరిగిన జిల్లాలో ఈ మాట ఎలా నమ్ముతున్నారు? గోల్డ్‌ఫిష్ వాటి చుట్టమే, కార్ప్ జాతి. ఒంటి తోక రకం అడుగు దాకా పెరుగుతుంది, గుండ్రటి రకాలు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. చిన్న గిన్నెలో చిన్నగా ఉండిపోయిందంటే చెడ్డ నీళ్ళలో దాని ఎదుగుదల దెబ్బతిన్నదని అర్థం. రెండు చేపలకు మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి చూసుకోండి, నూట పాతిక లీటర్లు పడతాయి. తొమ్మిదింటికి ఎంత కావాలో మీరే లెక్క వేసుకోండి.

బుడగల మెషీన్ దండగ అన్నవాళ్ళు మే నెలలో ఒకసారి మా ఊరు రండి. ఇరవై డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, ముప్పై డిగ్రీల దగ్గర ఏడున్నరే. బుడగలు నీటి పైభాగాన్ని కదిలిస్తాయి, గాలి కలిసేది ప్రధానంగా అక్కడే. గుండ్రటి బౌల్‌ను మెడ దాకా నింపితే ఆ పైభాగం అరచేతంత కూడా మిగలదు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రోజు మా ఇంట్లోనూ కరెంటు పోయింది, మర్నాడు రాత్రికి గానీ రాలేదు. నేనూ మావారూ వంతులు వేసుకుని గంటకోసారి చెంబుతో తొట్టి నీళ్ళు ముంచి, మూరెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోకే ధారగా పోశాం. కొవ్వొత్తి వెలుగులో పైకి వచ్చిన చేపలు పది చెంబులు పడేసరికి మెల్లగా కిందికి దిగేవి. ఆ రెండు రోజులూ మేత వెయ్యలేదు. అన్నీ బతికాయి. ఆ తర్వాత బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ కొన్నాం.

అన్నం, బ్రెడ్ వద్దు. గోల్డ్‌ఫిష్‌కు మనలా పొట్ట సంచి లేదు, నేరుగా పేగే. రెండు నిమిషాల్లో తినేసేంత మేత రోజుకు ఒకటి రెండుసార్లు చాలు, అప్పుడప్పుడు ఉడికించి తొక్క తీసిన పచ్చిబఠాణీ.

గళ్ళుప్పు విషయంలో మాత్రం ఆ మెసేజ్ రాసినవాళ్ళకు నేను తలవంచాలి. ఉప్పు నిజంగా పనిచేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ని లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. కొన్ని పరాన్నజీవుల మీదా పనిచేస్తుంది. మన నౌపడా ఉప్పే చాలు, మా ఇంట్లో ఎప్పుడూ ఒక సీసా విడిగా ఉంటుంది. కానీ గుప్పెడు కాదు. నైట్రైట్ కోసమైతే లీటరుకు ఒక గ్రాము, అంటే పది లీటర్లకు దాదాపు రెండు చిన్న చెంచాలు, విడిగా నీళ్ళలో కరిగించి మెల్లమెల్లగా పొయ్యాలి. ఐదు లీటర్ల బౌల్‌లో గుప్పెడు వేస్తే అది కాసేపు ముంచి తీసే మోతాదు, చేప అందులో కాపురం ఉండలేదు. నీళ్ళు ఆవిరైనా ఉప్పు పోదు, మార్చిన నీళ్ళతోనే పోతుంది.

పెద్దదైన చేపను నాగావళిలో వదలకండి. ఎర్రగా మెరిసే చేప కొంగకు ముందు కనపడుతుంది. బతికితే అడుగు బురద కెలికి, తొట్టిలో అంటుకున్న చేప పేనును చెరువు చేపలకు అంటిస్తుంది. బొచ్చెలు పెంచే రైతును అడగండి, చేప పేను అంటే ఏమిటో చెప్తాడు. పెంచలేకపోతే తొట్టి ఉన్నవాళ్ళకు ఇవ్వండి.

ఇప్పటికే ఇంట్లో బౌల్ ఉన్నవాళ్ళు ఈ రాత్రే ఒక బకెట్ నీళ్ళు పట్టి మూత లేకుండా ఉంచండి. రెండు రోజులు మేత ఆపండి, ఏమీ కాదు. బౌల్‌లో నీళ్ళు బాగా వెడల్పు ఉన్నచోటి దాకానే ఉంచండి. రేపు మూడో వంతు మార్చండి, ఎల్లుండి ఇంకో మూడో వంతు. గాజు తొట్టికి డబ్బు కుదరకపోతే వంద లీటర్ల ప్లాస్టిక్ టబ్, ఒక స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. చూడ్డానికి అందంగా ఉండదు, చేప బతుకుతుంది. పక్క వాటా వదిన అలాగే పెట్టింది. ఆరింట్లో నాలుగు నిలిచాయి. బ్యాక్టీరియా కుదురుకున్న మా పాత స్పాంజ్‌లో సగం కోసి ఆ టబ్‌లో వేశాం. మొన్న ఆదివారం పిల్లాడే చుక్కలు లెక్కపెట్టి వేసి, ఐదు నిమిషాలు గడియారం చూసి, గొట్టం పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. నీళ్ళు పసుపు రంగులోనే ఉన్నాయి.